సెలవుల్లో మన పాఠకులు ఊళ్ళో ఉంటారు, మన రచయిత ఎక్కడ?

తెలుగు సాహిత్యానికి పండుగలంటే ఒక పద్ధతి ఉంది. దీపావళికి, సంక్రాంతికి, ఉగాదికి పత్రికలు ప్రత్యేక సంచికలు వేస్తాయి, కథల పోటీలు పెడతాయి. డిసెంబరు వస్తే హైదరాబాదులో, జనవరి మొదట్లో విజయవాడలో పుస్తకాల పండుగలు జరుగుతాయి. ఆ తేదీలకు అందేట్టు రచయితలు పుస్తకాలు అచ్చు వేయించుకుంటారు, ఆవిష్కరణ సభలు పెట్టుకుంటారు, పాఠకులకు సంతకాలు చేసి ఇస్తారు. ఇందులో తప్పేమీ లేదు. వాళ్ళ పాఠకులు అక్కడ ఉన్నారు కాబట్టి వాళ్ళు అక్కడికి వెళ్తున్నారు.

మా ప్రశ్న వాళ్ళకు కాదు, ఆదివాసీ రచయితలకు. ఆ రోజుల్లో మన పాఠకులు ఎక్కడ ఉంటారు?

ఆశ్రమ పాఠశాల పిల్ల దసరా సెలవులకు ట్రంకుపెట్టె పట్టుకుని బస్సు దిగి, అక్కడి నుంచి నడిచి ఊరు చేరుతుంది. భద్రాచలంలోనో ఉట్నూరులోనో డిగ్రీ చదివే తమ్ముడు సంక్రాంతికి ఇంటికి వస్తాడు. హైదరాబాదులో కూలికి వెళ్ళినవాళ్ళు, నర్సింగు చదివే చెల్లెళ్ళు, పోలీసు ఉద్యోగం వచ్చిన అన్నలు ఆ నాలుగు రోజులకే ఇల్లు చేరతారు. ఏడాది పొడుగునా చెల్లాచెదురుగా ఉండే మన పాఠకులు ఒక్కచోట దొరికేది అప్పుడే. సరిగ్గా అప్పుడే మన రచయిత పట్నంలో స్టాలు ముందు కూర్చుని, తన పుస్తకం ఎవరు కొంటారా అని చూస్తుంటాడు.

మేం ఒక మాట గట్టిగా చెప్పదలుచుకున్నాం. ఆదివాసీ రచయితకు పండుగ సెలవులంటే పుస్తకం అమ్ముకునే కాలం కాదు, పాఠకుల ఇంటికి వెళ్ళే కాలం. ఆ పని చేయకుండా "మావాళ్ళు చదవరు" అనే హక్కు ఎవరికీ లేదు.

రెండు క్యాలెండర్లు

ఊరికి వెళ్ళడం అంత తేలిక కాదని మాకూ తెలుసు. బడి సెలవులు ఒక క్యాలెండరు ప్రకారం వస్తాయి, మన పండుగలు ఇంకో క్యాలెండరు ప్రకారం వస్తాయి. ఈ రెంటి మధ్యనే మన పిల్లలు నలిగిపోతున్నారు.

ఆదిలాబాద్ సంగతి చూడండి. తెలంగాణలో బతుకమ్మకు, దసరాకు బడికి పొడుగు సెలవులు ఇస్తారు. దసరా అయిన కొద్ది రోజులకే బళ్ళు తెరుస్తారు. కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో అమరుడైన రోజును మనవాళ్ళు ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుకుంటారు. అది దసరా దాటిన అయిదు రోజులకు వస్తుంది. చాలా ఏళ్ళలో అప్పటికి పిల్లలు హాస్టలుకు తిరిగి వెళ్ళిపోయి ఉంటారు. ఆ తర్వాతే గోండు గూడేల్లో దండారి మొదలవుతుంది. నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు కదులుతారు, ఒక ఊరివాళ్ళు ఇంకో ఊరికి వెళ్ళి రాత్రంతా ఆడతారు, దీపావళి దాకా ఊళ్ళు నిద్రపోవు. తాత గుస్సాడీ వేసే రోజున మనవడు హాస్టలులో స్టడీ అవర్‌లో కూర్చుని ఉంటాడు.

కేస్లాపూర్ నాగోబా జాతర పుష్య మాసం అమావాస్యకు జరుగుతుంది. చాలా ఏళ్ళలో అప్పటికి సంక్రాంతి సెలవులు అయిపోయి ఉంటాయి. విశాఖ మన్యంలో చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్ళు వేటకు వెళ్తారు, ఆడవాళ్ళు దారికి కర్ర అడ్డం పెట్టి వచ్చేపోయేవాళ్ళను నవ్వుతూ డబ్బులు అడుగుతారు. అవి పరీక్షల రోజులు. సవరల కందికొత్తల పండుగకూ బడి సెలవుల పట్టికకూ పొత్తు లేదు. ఒక రోజు స్థానిక సెలవు ఇచ్చినా, దూరపు హాస్టలు పిల్ల వెళ్ళి రావడానికి ఆ రోజు చాలదు.

రెండు క్యాలెండర్లూ కలిసేది తక్కువ చోట్ల. విత్తనాలు చల్లే ముందు కోయలు చేసుకునే భూమి పండుగ వేసవి సెలవుల చివర వస్తుంది. ఏజెన్సీలో చాలా ఊళ్ళు క్రిస్మస్ చేసుకుంటాయి, దానికి బడి సెలవు ఉంటుంది. మిగతాచోట్ల పిల్ల ఊళ్ళో ఉంటే పండుగ ఉండదు, పండుగ ఉంటే పిల్ల ఉండదు.

రచయితకు ఈ లెక్క తెలియాలి. తెలిస్తే రెండు పనులు కనిపిస్తాయి. పిల్లలు ఇంటికి వచ్చిన దసరా, సంక్రాంతి, వేసవి సెలవుల్లో ఊరికి వెళ్ళాలి. పిల్లలు లేకుండా జరిగే దండారి, నాగోబా, ఇటుకల పండుగలకు వెళ్ళి, అక్కడ జరిగింది రాసి, హాస్టలులో ఉన్న పిల్లలకు చేర్చాలి. పండుగకు దూరమైన పిల్లకు తన ఊరి పండుగ గురించి తన ఊరి పేరుతో ఒక చిన్న పుస్తకం చేతికిస్తే ఆమె చదవదని ఎవరైనా అనగలరా?

మన మొదటి రచయితలు ఏం చేశారు?

"పండుగ పూట పుస్తకం ఎవరు చదువుతారు? డప్పు మోగుతుంటే సాహిత్యమా?" అని కొందరు అడుగుతారు. ఈ మాట అనేవాళ్ళకు మన సాహిత్యం ఎక్కడ పుట్టిందో గుర్తులేదు.

గోండులకు ప్రధానులు ఉన్నారు, తోటీలు ఉన్నారు. కిక్రీ మీటుతూ వంశాల కథలు, దేవతల కథలు చెప్పేవాళ్ళు వాళ్ళు. వాళ్ళు ఎప్పుడు చెప్పారు? పండుగ పూట, పెళ్ళి పూట, దేవర ముందు. ఎక్కడ చెప్పారు? కథ ఎవరిదో వాళ్ళ ఇంటి ముంగిట్లో. కోయలకు డోలీలు ఉన్నారు. వేల్పుల పండుగలో పడిగె విప్పి, దాని మీది బొమ్మలు చూపుతూ ఆ గట్టు చరిత్ర పాడతారు. సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఆ పాటలు నేర్చుకున్నది వేల్పుల ముందు, పెద్దల పక్కన కూర్చుని.

వీళ్ళు వినేవాళ్ళ కోసం సభ పెట్టుకోలేదు. వినేవాళ్ళు ఎప్పుడు ఒక్కచోట చేరతారో చూసి, అక్కడికి వెళ్ళారు. కథలో వాళ్ళ తాత పేరు ఉండేది, వాళ్ళ వాగు పేరు ఉండేది. విన్న ఇంటివాళ్ళు గింజలు పెట్టారు, బట్టలు పెట్టారు. రచయితకు గౌరవం, పాఠకులకు సొంతం అనే భావం రెండూ అందులో ఉన్నాయి. ఈ పద్ధతి పక్కన పెట్టేసి, పట్నంలో ఎవరో చేసే ఆవిష్కరణ సభను మనం ఎందుకు నమూనాగా తీసుకోవాలి?

సర్కారు కూడా ఒక కాలంలో ఈ సంగతి గ్రహించింది. కొమురం భీం మరణం తర్వాత నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. 1940లలోనే నాగోబా జాతరలో దర్బారు మొదలైంది. జనం గోడు వినాలంటే వాళ్ళను ఆఫీసుకు పిలిస్తే లాభం లేదు, జాతరకు వెళ్ళి కూర్చోవాలి అన్నదే దర్బారు వెనక ఉన్న ఆలోచన. అధికారులు అర్జీలు తీసుకోవడానికి ఇప్పటికీ కేస్లాపూర్ వస్తున్నారు. అధికారికి తెలిసిన దారి ఆదివాసీ రచయితకు తెలియదంటే ఎట్లా?

పక్క జనాలనూ చూడండి. మరాఠీవాళ్ళు 1909లో "మనోరంజన్" పత్రికతో దీపావళి ప్రత్యేక సంచికల సంప్రదాయం మొదలుపెట్టారు. వందేళ్ళు దాటినా దీపావళి వచ్చిందంటే అక్కడ పిండివంటలతో పాటు పత్రిక ఇంట్లోకి వస్తుంది. ఇంకా దగ్గరి ఉదాహరణ సంతాలీలది. రఘునాథ్ ముర్ము బడిపంతులు. 1925లో ఓల్ చికి లిపి తయారుచేశారు. లిపి తయారుచేసి ఇంట్లో కూర్చోలేదు. నాటకాలు రాశారు, ఊళ్ళు తిరిగి నేర్పారు, జనం ఆ నాటకాలు ఆడారు. 2003లో చేసిన 92వ రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలుకు చేరింది. ఆ గెలుపు ఢిల్లీలో మొదలు కాలేదు, ఊరి మధ్య నాటకం చూసిన జనంతో మొదలైంది.

"మావాళ్ళకు చదువు రాదు"

ఇది రెండో సాకు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగల అక్షరాస్యత 49.2 శాతం. అంటే ఏడేళ్ళు, ఆపై వయసున్నవాళ్ళలో సగం మందికి అక్షరం అందలేదు. దీన్ని చూపి పుస్తకం దండగ అనేవాళ్ళున్నారు. మేం అదే లెక్కను తిప్పి చెబుతున్నాం. ప్రతి ఇంట్లో చదవగలిగే పిల్లలు ఉన్నారు, వినగలిగే అవ్వ ఉంది. సెలవుల్లో ఆ ఇద్దరూ ఒకే నెగడు దగ్గర కూర్చుంటారు. పిల్ల చదివితే అవ్వ వింటుంది, అవ్వ మధ్యలో ఆపి "అట్లా కాదే, మా అమ్మ ఇట్లా చెప్పింది" అంటుంది. ఒక్క పుస్తకానికి ఇద్దరు పాఠకులు, ఒక విమర్శకురాలు దొరికినట్టే. ఇంతకంటే మంచి పఠన సభ ఏ పట్నంలో జరుగుతుంది?

కానీ అందుకు తగ్గట్టు పుస్తకం ఉండాలి. బిగ్గరగా చదివితే బాగుండే వాక్యం ఉండాలి. పావుగంటలో అయిపోయే కథ ఉండాలి. రెండు వందల రూపాయల అట్ట పుస్తకం అక్కడ పనికిరాదు. ఒక్క ఫారం, పదహారు పేజీలు, పెద్ద అక్షరాలు, లోపల మన పిల్లలే గీసిన బొమ్మలు, పది రూపాయల ధర చాలు. మన ఉద్యోగులు ఇద్దరు ముగ్గురు కలిస్తే ఒక ఊరికి సరిపడా పుస్తకాలు అచ్చవుతాయి.

భాష సంగతి కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. మేం ఈ వ్యాసం తెలుగులో రాస్తున్నాం, ఎందుకంటే గోండు, సవర, కోయ, కొండదొర, లంబాడీ యువకులు ఒకరి మాట ఒకరు చదువుకోవడానికి ఇప్పుడు మనకున్న దారి ఇదే. కానీ ఊళ్ళో నెగడు దగ్గర తెలుగు ఒక్కటే చదివితే అవ్వ సగంలో లేచి వెళ్ళిపోతుంది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో బడి పుస్తకాలతో మాతృభాషా బోధన మొదలైంది. ఆ పుస్తకాలు రాయడంలో చెయ్యి వేసిన మన ఉపాధ్యాయులు ఇప్పటికీ ఉన్నారు. గుంజాల గోండి లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. సరంజామా మన దగ్గర ఉంది. ఒక పేజీలో కువి, ఎదుటి పేజీలో తెలుగు వేయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సిగ్నల్ లేని కొండ మీద కూడా ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు గొంతు పంపవచ్చు. కథను ఇంటి భాషలో చదివి రికార్డు చేసి ఇస్తే, అది సినిమా పాటతో పాటు ఊరంతా తిరుగుతుంది.

వెళ్ళే తీరు

ఇక వెళ్ళినా చెడగొట్టేవాళ్ళ గురించి చెప్పాలి. పండుగకు వచ్చి, తలపాగా చుట్టించుకుని, గుస్సాడీ పక్కన నిలబడి ఫోటో దిగి, "నా ప్రజల మధ్య" అని ఫోనులో పెట్టుకుని, చీకటి పడకముందే కారెక్కేవాళ్ళను మనం చాలామందిని చూశాం. నాయకులు అట్లా వస్తారు, అధికారులు అట్లా వస్తారు, పరిశోధకులు అట్లా వస్తారు. రచయిత కూడా అట్లా వస్తే ఊరికి తేడా ఏం తెలుస్తుంది? ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవం పేరుతో వేదిక ఎక్కి థింసా ఆడించి, మళ్ళీ ఏడాది దాకా ఆ ఊరి ముఖం చూడనివాళ్ళూ ఇదే కోవ.

పండుగ ఊరిది. అందులోకి అడుగుపెట్టే ముందు అడగాలి. గోండు గూడెంలో పటేల్‌ను, కటోడాను అడగాలి. కోయ ఊళ్ళో వడ్డెను, పెద్దలను అడగాలి. మన్యంలో దిసారిని, తండాలో నాయక్‌ను అడగాలి. పూజ జరిగేటప్పుడు పుస్తకం తీయకూడదు. రాయకూడని మాట ఉంటే రాయకూడదు, తీయకూడని ఫోటో ఉంటే తీయకూడదు. తీజ్ తొమ్మిది రోజుల్లో బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్ళు పోసే ఆడపిల్లల పాటలు వాళ్ళవి. వాళ్ళు ఇస్తేనే మనం రాసుకోవాలి, వాళ్ళ పేరుతోనే రాయాలి.

ఇంకో సంగతి. బడికి సెలవు అంటే మన ఇళ్ళలో పనికి సెలవు కాదు. అరకు, పాడేరు వైపు సంక్రాంతి నాటికి ఇంకా కాఫీ పండ్లు కోస్తుంటారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారకముందే ఇప్పపువ్వు ఏరాలి. వేసవి సెలవుల్లో తునికాకు పని. పిల్లలు తల్లితో పాటు ఆకు కోసి, కట్టలు కట్టి, సాయంత్రం కల్లానికి మోస్తారు. ఆ డబ్బుతోనే జూన్‌లో నోటు పుస్తకాలు కొంటారు. మిట్టమధ్యాహ్నం వెళ్ళి "పిల్లలు రాలేదేం?" అని అడిగే రచయితకు తన పాఠకుల బతుకు తెలియదని అర్థం. ఆకు లెక్క అయ్యాక కల్లం దగ్గర కూర్చోవాలి. అన్నాలు తిన్నాక నెగడు దగ్గర కూర్చోవాలి. వీలైతే పొద్దున రెండు కట్టలు మనమూ కట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం, మళ్ళీ వెళ్ళడం. ఒక సెలవుల్లో కథ చదివితే, ఊరివాళ్ళు దిద్దిన మాటలు రాసుకోవాలి. అవ్వ చెప్పిన రెండో కథ పిల్లల చేత రాయించాలి. తర్వాతి సెలవులకు అవి అచ్చయి, చెప్పినవాళ్ళ పేర్లతో ఊరికి రావాలి. తన అవ్వ పేరు అచ్చులో చూసిన పిల్ల ఇక జీవితంలో పుస్తకాన్ని పరాయి వస్తువు అనుకోదు. పాఠకులను సంపాదించడమంటే మాకు తెలిసినంతలో ఇదే.

ఈ పని ఎందుకు ఇంత అవసరం అంటే, మనం వెళ్ళని చోటికి ఇంకొకరు వెళ్తున్నారు. మేడారంలో రెండేళ్ళకోసారి లక్షల మంది చేరతారు. బంగారం పేరుతో బెల్లం, బొమ్మలు, గాజులు, ఫోటోలు, వాటి పక్కనే సమ్మక్క చరిత్ర పేరుతో చిన్న పుస్తకాలు అమ్ముతారు. వాటిలో ఉన్న కథకూ డోలీలు పడిగె విప్పి పాడే కథకూ చాలా తేడా ఉంది. కానీ అచ్చులో ఉన్నది అదే కాబట్టి మన పిల్లలు కూడా పరీక్షలో అదే రాస్తున్నారు. మన కథ మన జాతరలోనే మన చేతుల్లోంచి జారిపోతుంటే, మనం పట్నంలో అస్తిత్వం గురించి ఉపన్యాసాలు ఇవ్వడంలో అర్థం లేదు.

చేయాల్సినవి

రచయితలారా, మీ కొత్త పుస్తకం మొదట మీ ఊళ్ళో తెరవండి. పట్నంలో సభ తర్వాత పెట్టుకోండి, మేమూ వస్తాం. ఏడాదికి ఒక పండుగ, ఒక సెలవు మీ పాఠకులకు ఇవ్వండి.

ఉపాధ్యాయులారా, సెలవులకు పిల్లలు వెళ్ళేటప్పుడు ట్రంకుపెట్టెలో ఒక్క కథల పుస్తకం పెట్టి పంపండి. బడి లైబ్రరీ బీరువా తాళం సెలవుల్లో కూడా బీరువాకే ఉంటే ఆ పుస్తకాలు చెదలకు తప్ప ఎవరికీ అందవు. పుస్తకం పోతుందన్న భయం మీకుందని తెలుసు. నలిగి తిరిగొచ్చిన పుస్తకం చదివిన పుస్తకమని మీ పై అధికారికి చెప్పండి. సెలవుల హోంవర్కుగా పది లెక్కలు తగ్గించి, ఇంట్లో పెద్దలు చెప్పిన ఒక కథ రాసుకు రమ్మనండి. పరాయి జిల్లా నుంచి వచ్చిన టీచర్లు కూడా ఈ పని చేయవచ్చు, దానికి మన భాష వచ్చి ఉండాల్సిన అవసరం లేదు. స్థానిక సెలవులు మన పండుగల ప్రకారం, పిల్లలు ఊరు చేరి తిరిగి రావడానికి సరిపడా ఇవ్వాలని ఐటీడీఏను అడిగేటప్పుడు మీ సంతకమూ ఉండాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీరు రచయిత కోసం ఎదురుచూడకండి. సెలవుల్లో ఊరు చేరగానే చదువు వచ్చినవాళ్ళు నలుగురు కలవండి. రాత్రికి ఒక కథ, మీ భాషలో, బిగ్గరగా. రచయిత రాకపోతే ఉత్తరం రాసి నిలదీయండి. "మా గురించి రాశారు, మాకు ఎప్పుడు చదివి వినిపిస్తారు?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాళ్ళు మన పేరుతో బిరుదులు తీసుకోవడం మానుకోవాలి.

దసరాకు బస్సులు నిండుతాయి, ట్రంకుపెట్టెలు పైకెక్కుతాయి. ఈసారి ఆ బస్సులో పిల్లల పక్కన, పుస్తకాల మూట ఒళ్ళో పెట్టుకుని ఒక రచయిత కూడా కూర్చోవాలి.